కొమ్ము మీద గీతలు

పోయిన వారం ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. ఎవరో విదేశీయుడు, నెరిసిన గడ్డం మనిషి, మా కార్ఖానాలో తయారైన కొత్త బొమ్మ పెట్టె విప్పుతున్నాడు. మూడు కొమ్ముల డైనోసార్. ముక్కు మీద పొట్టి కొమ్ము ఒకటి, కళ్ళ పైన పొడవాటి కొమ్ములు రెండు, మెడ వెనక చాటలా విచ్చుకున్న ఎముక పళ్ళెం. అసలు జంతువు కొలతలను ముప్పై అయిదో వంతుకు కుదించి చేసింది కాబట్టి మొత్తం కలిపి జానెడు ఉంటుంది. పిల్లలు ఆడుకునే బొమ్మ కాదు. పెద్దవాళ్ళు ముచ్చటపడి కొనుక్కుని అద్దాల అల్మారాలో దాచుకునేది.

అతను భూతద్దం తెచ్చి, కొమ్ముల మొదట్లో ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న సన్నటి గీతలు చూపించాడు. బతికిన జంతువు కొమ్ము ఇలాగే ఉంటుంది, ఈ బొమ్మ చేసినవాళ్ళకు జంతువులు తెలుసు అన్నాడు.

ఆ బొమ్మకు మొదటి రంగులు వేసింది నేను. ఆ గీతలు కోసింది కూడా నేనే. కాని నాకు తెలిసింది కుంచెలు, రంగులు. జంతువులు తెలిసినాయన మా గేటు దగ్గర సంచులు వెతికేవాడు. ఆయన చనిపోయి నాలుగు నెలలైంది.

మా కార్ఖానా శంషాబాద్ నుంచి మహేశ్వరం పోయే దారిలో ఒక పెద్ద రేకుల షెడ్డు. పోత పోసేవాళ్ళు, అతుకులు రుద్దేవాళ్ళు, రంగులు వేసే ఆడవాళ్ళం, అంతా కలిపి ముప్పై మందికి మించం. చేసేది జానెడు, బెత్తెడు బొమ్మలు కాబట్టి ఎవరైనా కొంగులో చుట్టుకుని పోవచ్చని మేనేజర్ సార్ భయం. అందుకే సాయంత్రం బయటికి పోయే ప్రతి సంచీ గేటు దగ్గర విప్పాలి. ఆ పనికి ఆయనను పెట్టారు. మేమంతా కాకా అనేవాళ్ళం. అరవై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఒక భుజం కొంచెం కిందికి వంగి ఉండేవాడు. ఖాకీ చొక్కా మీద తెల్ల తువ్వాల. జేబులో ఒక స్టీలు చెంచా.

ఆ చెంచా మాకందరికీ శత్రువు. టిఫిన్ డబ్బాలో మిగిలిన అన్నాన్ని ఆయన ఆ చెంచాతో నాలుగు మూలలా పొడిచి చూసేవాడు. ఒక డబ్బా అయ్యాక చెంచాను బకెట్ నీళ్ళలో కడిగి, తువ్వాలతో తుడిచి, అప్పుడు ఇంకో డబ్బా. ఎవరైనా విసుక్కుంటే వాళ్ళ మొహం చూసేవాడు కాదు. చేతులు చూసేవాడు.

"మొకం ఎవలైనా దిద్దుకుంటరు. చేతులు దిద్దుకునుడు కష్టం" అనేవాడు.

ఏం చెప్పినా ఆయన నోట వచ్చే మొదటి మాట "గట్లనా?" ఆ మాటను సాగదీసి, చివర కొంచెం పైకి లేపి అనేవాడు. పానం బాగలేదు కాకా, తొందరగా పోతున్న అంటే, గట్లనా? బస్సు రాలేదు అంటే, గట్లనా? ఒకసారి పోత పోసే అన్నకు బిడ్డ పుట్టిందని లడ్డూ ఇస్తే, "ఎప్పుడు పుట్టింది? ఏ దవాఖానల? ఎవలు చూసిండ్రు?" అని అడిగి, అతను ఒకటి తిన్నాకే తాను నోట్లో వేసుకున్నాడు.

మా షెడ్డు మీదుగా విమానాలు దిగుతుంటాయి. కొత్తలో మేమంతా తల ఎత్తి చూసేవాళ్ళం, తరవాత మానేశాం. ఆయన మాత్రం ప్రతిదానికీ కుర్చీలోంచి లేచి, తువ్వాల కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసేవాడు.

"దేనికి కాకా రోజూ చూస్తవు?" అని నేనొకసారి అడిగాను.

"చక్రాలు దిగినయా లేదా చూస్త."

"తోలేటోనికి ఎరుక ఉండదా?"

"వానికి ఎరుక ఉన్నదని నీకెట్ల ఎరుక?"



నాకు ఆయనంటే పడేది కాదు. కారణం నా కుంచెలు. సన్న పనికి వాడే కుంచెలు నావి నేనే కొనుక్కున్నాను. కార్ఖానాలో వదిలితే ఎవరో ఒకరు జిగురులో ముంచి పాడు చేస్తారని రోజూ గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకుపోయేదాన్ని. ఆయన ఆ మూట ముడి విప్పి, ఒక్కొక్క కుంచె బయటికి తీసి, పిడి బోలుగా ఉందేమోనని గోటితో కొట్టి చూసేవాడు. వెనక క్యూలో అందరూ నిలబడి ఉండేవాళ్ళు. మా వ్యాన్ హారన్ కొడుతుండేది. ఏడాదిన్నర పాటు రోజూ ఇదే తంతు.

"దొంగను దొరకవట్టినట్టు చేస్తవేంది కాకా? నేను తీస్తనా?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

"తీస్తవని అన్ననా? తియ్యవని కూడ అనలే" అన్నాడు, మూట నా చేతిలో పెడుతూ.

ఆ రోజు ఇంటికి పోయేదాకా నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

మూడు కొమ్ముల బొమ్మ పని ఎండాకాలం చివర్లో మొదలైంది. మొదటి నమూనా నా బల్ల మీదికి వచ్చింది. దానికి నేను రంగులు వేసి, ఓనర్ ఒప్పుకుంటే దాన్ని చూసే అచ్చులు తయారు చేస్తారు. అచ్చు అయ్యిందంటే ఇక మార్పు ఉండదు. ట్యూబ్‌లైటు వెలుగులో రంగు ఒకలా, ఎండలో ఒకలా కనబడుతుంది. అందుకని అన్నం తినే వేళ నమూనాను పళ్ళెంలో పెట్టుకుని బయటికి తెచ్చి, గేటు పక్కన గోడ మీద పెట్టాను. వీపు మీది మట్టిరంగు బాగానే కుదిరింది. కొమ్ములు మాత్రం ఏదో తేడాగా ఉన్నాయి. ఏమిటో తెలియడం లేదు.

కాక కుర్చీలోంచి లేచి వచ్చాడు. వంగి, చాలాసేపు చూశాడు.

"ముట్టుకోవచ్చా?" అని అడిగాడు. ఆయన ఎవరినైనా అనుమతి అడగడం నేను వినడం అదే మొదటిసారి.

సరే అన్నాను. బొటనవేలితో కొమ్మును మొదలు నుంచి కొస దాకా రాశాడు. మళ్ళీ వెనక్కి. కళ్ళు మూసుకున్నాడు.

"ఈ కొమ్ము అబద్దం."

"ఏంది కాకా?"

"ఇది ఎంత వయసు జంతువు?"

"పెద్దదే. ముసలిది అనుకో. ఒంటి మీద దెబ్బల మచ్చలు గూడ పెట్టినం."

"ముసలిదానికి కొమ్ము గిట్ల నున్నగ ఎట్లుంటది? కొమ్మున్నదానికి వయసు కొమ్ము మొదట్ల రాసి ఉంటది. అయిదేండ్లు దాటినంక ఎద్దుకు ఏడాదికో గీత పడతది. కండ్లు లేనోడు గూడ ఏలు పెట్టి చెప్తడు. ఇది నున్నగ ఉన్నదంటె ఎవడో రుద్దిండు."

"ఇది ఎద్దు కాదు కాకా. కోట్ల ఏండ్ల కింది జంతువు."

"గట్లనా? నువ్వు చూసినవా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. గోడకు ఆనుకుని, కొమ్మునే చూస్తూ, తన సంగతి చెప్పాడు. అప్పటిదాకా ఆయన తన గురించి ఒక్క ముక్క చెప్పి ఎరుగడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన పశువుల అంగట్లో పనిచేసేవాడట. ఎడ్లకు నాడాలు కొట్టడం, కొమ్ములు చెక్కి నునుపు చేయడం. దళారులు ముసలి ఎడ్లను తెచ్చి ఆయన ముందు కట్టేసేవాళ్ళు. ఆకురాయి పెట్టి కొమ్ము మొదట్లో గీతలన్నీ రుద్దేసి, పైన నూనె పూస్తే పదకొండేళ్ళ ఎద్దు ఆరేళ్ళదై లేచేది. చుట్టుపక్కల అంగళ్ళలో ఆయనంత నున్నగా రుద్దేవాడు లేడట.

"ఒకసారి ఒక రైతు వచ్చిండు. పెండ్లాం పుస్తెలు కుదువ వెట్టి తెచ్చుకున్నడట. ఎద్దు కొమ్ము మీద చెయ్యి రాసి, ఎంత మంచిగున్నదే అని మురిసిండు. నేను పక్కనే కూసున్న. నా పనితనాన్నే మెచ్చుకుంటుండు వాడు. నేను నోరు తెరువలే. నాకు గర్వమనిపించింది బిడ్డా, నిజం చెప్తున్న." కొమ్ము మీద మళ్ళీ వేలు రాశాడు. "మర్సటేడు వాళ్ళ ఊరి మీదికెల్లి పోతున్న. చేన్ల గుంటుక తోల్తున్నడు. ఒకపక్క ఎద్దున్నది. రెండో పక్క కాడి కింద వాని పెండ్లాం ఉన్నది."

ఆ తరవాత ఆయన ఆకురాయి పట్టలేదట. అంగడికే పోలేదట.

"అందుకే నాకు నమ్ముడు చాతగాదు. మందిని నమ్మకనా? కాదు. మనిషి చెయ్యి ఏం చెయ్యగలదో నాకెరుక. నా చెయ్యే చేసింది కద."

నేను నమూనాను లోపలికి తీసుకుపోయి, మేనేజర్ సార్‌కు గీతల సంగతి చెప్పాను. ఆయన కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. ఎవరినీ నువ్వు అనడు. "గేటు దగ్గర కూర్చునే ఆయన చెప్పారనా అమ్మా? కంప్యూటర్‌లో ఆరు నెలలు కష్టపడి చేసిన డిజైన్ అది. మీరు రంగు సంగతి చూడండి" అన్నాడు. సంగతి అంతటితో ఆగిపోయింది.

కాని ఆ రోజు నుంచి కాక రోజూ మధ్యాహ్నం ఆ బొమ్మను గురించి అడగడం మొదలుపెట్టాడు. ఇయ్యాల తెస్తవా? ఎక్కడ పెడతవు? బీరువాల పెడతవా, బల్ల మీదనేనా? తాళం ఎవరి దగ్గర? మామూలుగా అయితే అది ఆయన అలవాటే అనుకునేదాన్ని. తరవాత జరిగినదాంట్లో ఆ ప్రశ్నలన్నీ నాకు వేరేలా గుర్తొచ్చాయి.

వానాకాలం మొదట్లో ఒక శుక్రవారం సాయంత్రం. నమూనా పని పూర్తయింది. శనివారం ఒక్క వార్నిష్ పూత మిగిలింది. బీరువాలో పెడితే తడి రంగుకు దుమ్ము అంటుతుందని బల్ల మీదే, గిన్నె బోర్లించి ఉంచాను. సరిగ్గా పని ఆపే వేళకు ఒక్కసారిగా వాన దిగింది. గాలికి రేకులు లేచిపోతాయేమో అన్నంతగా కొట్టింది. ఆడవాళ్ళందరం ప్లాస్టిక్ కవర్లు తల మీద కప్పుకుని గేటు దాకా పరుగెత్తాం. కాక బల్ల వానలో తడుస్తోంది. ఆయన ఒక్క చేత్తో గేటు తెరిచి పట్టుకుని, ఇంకో చేత్తో మమ్మల్ని తోలినట్టు ఊపాడు.

"ఉరుకుండ్రి, ఉరుకుండ్రి. తడుస్తరు. ఇయ్యాల చూసేది లేదు."

ఏడాదిన్నరలో మొదటిసారి నా మూట ముడి విప్పకుండా వ్యాన్ ఎక్కాను. అదొక పండగలా అనిపించింది.

శనివారం ఉదయం గిన్నె ఎత్తితే కింద ఏమీ లేదు.

అందరం వెతికాం. బల్లల కింద, చెత్త డబ్బాల్లో, వార్నిష్ గదిలో. ఎక్కడా లేదు. పది గంటలకల్లా మేనేజర్ సార్ అందరినీ షెడ్డు మధ్యలో నిలబెట్టాడు. ఆ ఒక్క నమూనా పోతే ఆర్డరే పోతుంది. అది బయటివాళ్ళ చేతిలో పడితే మా బొమ్మ కంటే ముందు దాని నకలు వస్తుంది. ఓనర్‌కు తెలియకముందే, ఆయన ఊరి నుంచి వచ్చేలోగా అది దొరకాలన్నాడు.

"చివరిగా దాన్ని పట్టుకున్నది మీరేగా అమ్మా?" అన్నాడు నాతో.

"అవును సార్."

"బీరువాలో ఎందుకు పెట్టలేదు?"

తడి సంగతి చెప్పాను. నా మాటలు నాకే సాకులా వినిపించాయి. చుట్టూ ఉన్న వాళ్ళు నన్ను చూసే చూపు మారింది. నాతో రోజూ కూర పంచుకునే అక్క కూడా నేల చూపులు చూసింది.

"మీ ఇల్లు ఒకసారి చూడాల్సి వస్తుంది. పోలీసులను పిలవడమో, మీరే ఒప్పుకోవడమో..."

అప్పుడు కాక వెనక నుంచి ముందుకు వచ్చాడు. తువ్వాల భుజం మీద నుంచి తీసి చేతికి చుట్టుకున్నాడు.

"ఆమె తియ్యలే సార్."

"మీకెలా తెలుసు?"

"నిన్న పొద్దుమూకి ఆమె సంచి నేను చూసిన. డబ్బా ఇప్పి చూసిన. కుంచెల మూట గూడ ఇప్పి, ఒక్కొక్కటి లెక్కవెట్టి చూసిన. ఏం లేకుండె."

"ఆమె మీద మీకంత నమ్మకమా?"

"నమ్మి చెప్తలేను సార్. చూసి చెప్తున్న."

 ఆ మనిషి చూశానంటే చూసినట్టే. ఆయన చెంచా దెబ్బ తినని వాళ్ళు అక్కడ ఎవరూ లేరు. మేనేజర్ సార్ సరే, అందరూ పనికి వెళ్ళండి అన్నాడు.

నేను బల్ల దగ్గర కూర్చున్నాను.  బయటపడ్డాను. కాని కాక చెప్పింది అబద్ధం. వాన హడావుడిలో మిగతా వాళ్ళకు గుర్తు లేకపోవచ్చు. నాకు గుర్తుంది. నా ముడి విప్పలేదు.

ఎందుకు చెప్పాడు? ఆ ప్రశ్న మధ్యాహ్నం దాకా నన్ను కొరికింది. లడ్డూ ఇస్తే కూడా నమ్మని మనిషి, నా కోసం ముప్పై మంది ముందు అబద్ధం ఎందుకు ఆడతాడు? నాకూ ఆయనకూ మంచి మాటలే లేవు. ఇక ఒక్కొక్కటీ జ్ఞాపకం వచ్చాయి. ఎక్కడ పెడతవు, తాళం ఎవరి దగ్గర. కళ్ళు మూసుకుని కొమ్ము రాసిన వేలు. నిన్న ఒక్కరోజే మమ్మల్ని తొందరపెట్టి బయటికి పంపడం. మేం పోయాక ఈ షెడ్డులో ఉండేది ఆయన ఒక్కడే. నా కుంచెలు కూడా లెక్కపెట్టి చూశానంటే ఇక ఎవరు మాత్రం ఆయన డబ్బా విప్పుతారు? నన్ను కాపాడలేదు ఈయన, తన గేటును కాపాడుకున్నాడు. అలా అనుకున్నాక ఆ అబద్ధం నాకు అర్థమైనట్టే అనిపించింది. చెప్పకపోతే రేపు అది నా మెడకే చుట్టుకుంటుందని కూడా భయం వేసింది.

నాలుగింటికి మేనేజర్ సార్ గదిలోకి పోయాను.

"సార్, నిన్న కాక నా సంచి చూడలే. ఎవరిదీ చూడలే. వాన పడుతుందని పొమ్మన్నడు."

సార్ పెన్ను కింద పెట్టాడు. "ఈ మాట పొద్దున ఎందుకు చెప్పలేదమ్మా?"

నా జవాబు కోసం ఆగకుండానే లేచి గేటు వైపు నడిచాడు.

ఆ తరవాత జరిగిందంతా గేటు దగ్గరే, అందరి కళ్ళ ముందే జరిగింది. సార్ అడగకముందే కాక తన టిఫిన్ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాడు. చేతిసంచి తిరగేశాడు. నీళ్ళ సీసా, చుట్ట కట్ట, ఒక దువ్వెన. ప్యాంటు జేబులు బయటికి లాగాడు. ఒక జేబులోంచి వేలెడు ఆకురాయి, దాంతోపాటు చిన్న కొమ్ము ఒకటి పడ్డాయి. మా బొమ్మ కొమ్మే. మొదట్లో సన్నగా, వరసగా గీతలు పడి ఉన్నాయి.

"ఇదెక్కడిది?" అన్నాడు సార్.

"చెత్తలది సార్. నమూనా పోసినప్పుడు కుదరక పారేసిన తునక. ఎట్లుండాలెనో చేసి చూపెడదామని..."

"పొద్దున ఆమె సంచీ విప్పి చూశానన్నారు. చూశారా?"

ఆయన నా వైపు చూశాడు. నా మొహం వైపే చూశాడు, చేతుల వైపు కాదు. ఆ చూపులో కోపం లేదు. ఎవరు చెప్పారో తెలిసిపోయిందన్నట్టు మాత్రం ఉంది.

"లేదు సార్. చూడలే."

"అబద్ధం చెప్పే మనిషిని గేటు దగ్గర ఎలా పెట్టుకోమంటారు?"

ఆయన ఖాకీ చొక్కా విప్పి, మడత పెట్టి, కుర్చీ మీద ఉంచాడు. లోపల బనీను వీపున చిరిగి ఉంది. తువ్వాల కప్పుకుని, రోడ్డెక్కి, మహేశ్వరం వైపు నడుచుకుంటూ పోయాడు. బస్సు కోసం కూడా ఆగలేదు. కొమ్ము తునక బల్ల మీదే ఉండిపోయింది. ఎవరూ చూడకుండా నేను దాన్ని తీసి కుంచెల మూటలో పెట్టుకున్నాను. ఎందుకు తీశానో నాకు తెలియదు.

మంగళవారం మా ఓనర్ బెంగళూరు నుంచి దిగి, నేరుగా కార్ఖానాకు వచ్చాడు. చేతిలో అట్టపెట్టె. అందులో దూదిలో పడుకోబెట్టి ఉంది మూడు కొమ్ముల బొమ్మ.

"కొనేవాళ్ళకు చాలా నచ్చింది" అన్నాడు నవ్వుతూ. "శుక్రవారం ఫ్లైట్‌కు పోతూ దారిలో ఆగి తీసుకున్నాను. వానలో మీరెవరూ కనబడలేదు. మెసేజ్ పెట్టానే, చూడలేదా?"

మేనేజర్ సార్ ఫోన్ తీసి వెతికాడు. మెసేజ్ సగం పోయి ఆగిందో, అసలు పోనే లేదో, అక్కడ ఏమీ లేదు. ఓనర్ కారును గేటు దగ్గర ఎవరూ ఆపరు. సలాం కొట్టి తలుపు తీస్తారు, అంతే. ఆ సాయంత్రం కూడా కాక వానలో నిలబడి సలాం కొట్టే ఉంటాడు. ఓనరే తీసుకుపోయి ఉంటాడన్న అనుమానం ఆయనకు కూడా తట్టి ఉండదు.

కాకను మళ్ళీ పిలుస్తారని అనుకున్నాను. రెండు రోజులు చూసి, మూడో రోజు సార్‌ను అడిగాను.

"దొంగతనం చేయలేదు, ఒప్పుకుంటాను. కాని అబద్ధం చెప్పారు కదమ్మా. అది మీరే కదా చెప్పింది" అన్నాడు. నెల తిరగకముందే గేటుకు కెమెరాలు వచ్చాయి.

నమూనా అచ్చుకు పోయే ముందు చివరి తుడుపు కోసం మళ్ళీ నా బల్ల మీదికి వచ్చింది. కాక చేసిన తునకను పక్కన పెట్టుకుని, సన్న బ్లేడుతో రెండు పెద్ద కొమ్ముల మొదట్లో గీతలు కోశాను. ఆయన తునక మీద గీతల మధ్య ఎడం ఒకేలా లేదు. ఒకచోట దగ్గర, ఒకచోట దూరం. కరువేడాదికి ఒకలా, పచ్చటి ఏడాదికి ఒకలా పడుతుందేమో. ఉన్నది ఉన్నట్టు దించాను. సార్ చేతిలోకి తీసుకుని, "ఇవి ముందు లేవనుకుంటాను?" అన్నాడు.

"ఉన్నయి సార్. రంగు వేసినంక కనబడుతున్నయి" అన్నాను.

అచ్చు అయ్యాక, మొదటి విడత బొమ్మల్లో తోక వంకర పోయి తీసేసినదాన్ని ఒకటి అడిగి తీసుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం కాక ఊరికి పోయాను. మహేశ్వరం దాటాక లోపలికి మూడు మైళ్ళు. చేలన్నీ ప్లాట్లు. తెల్ల హద్దురాళ్ళ మధ్యలో ఆయన ఇల్లు. ఆయన మంచం మీద కూర్చుని దగ్గుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. వాళ్ళావిడ, నేను పెద్దమ్మా అన్నాను ఆమెను, మంచినీళ్ళు ఇచ్చి గడప దగ్గర కూర్చుంది.

"ఎవలు పంపిండ్రు?" అన్నాడు ఆయన.

"ఎవరూ పంపలే కాకా. నేనే వచ్చిన."

"ఈ బొమ్మ?"

"తోక వంకరది. సార్‌నే అడిగి తెచ్చిన."

"చిట్టీ రాసిచ్చిండా?"

రాయించుకునే వచ్చాను. ఆ మనిషి దగ్గరికి చిట్టీ లేకుండా బొమ్మ పట్టుకుని ఎట్లా పోతాను? ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, చదవడం రాకపోయినా సంతకం ఉందో లేదో చూసి, అప్పుడు బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. కొమ్ము మీద వేలు పెట్టి ఆగాడు. పెదవులు కదిలాయి.

"పదమూడు" అన్నాడు. "ఒకటి జర లోతు పోయింది. అయినా ఇప్పుడు నమ్మొచ్చు."

పెద్దమ్మ నవ్వు ఆపుకుంది. నేను వచ్చింది ఒక మాట అడగడానికి. చివరికి అడిగాను.

"ఆనాడు నా సంచి చూసిన అని ఎందుకు చెప్పినవు కాకా? నువ్వు చూడలేదు కద."

"నువ్వు తియ్యలేదని నాకెరుక."

"ఎట్ల ఎరుక?"

"ఏడాదిన్నర రోజూ నీ చేతులు చూసిన. ఇంక ఎరుక కాకుంటె ఎట్ల?" దగ్గు వచ్చి ఆగాడు. "కాని నమ్ముతున్న అంటె వాళ్ళు ఒప్పుకుంటరా? గేటు కాడోని నమ్మకం ఎవనికి కావాలె? చూసిన అంటెనే ఒప్పుకుంటరు. అందుకే చూసిన అన్న."

"నేను నిన్ను అనుమానించిన. నేనే పోయి సార్‌కు చెప్పిన."

"ఎరుకనే."

"కోపం రాలేదా కాకా?"

"నువ్వు నిజం చెప్పినవు. అబద్దం చెప్పింది నేను. నిజం చెప్పినోళ్ళ మీద కోపమెట్ల వస్తది?"

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నేను మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయాను. ఇక చాలు లే బిడ్డా, పొద్దు గూకుతది అని ఆయనే లేచాడు. వద్దన్నా వినకుండా రోడ్డు దాకా నడిచి వచ్చి ఆటో ఆపాడు. ఆటో చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. డ్రైవర్‌ను ఏ ఊరు, ఎవరి కొడుకువు, నాయిన ఏం చేస్తడు అని అడిగాడు. అతను విసుక్కుంటూనే చెప్పాడు. నంబరు పైకి రెండుసార్లు చదివించుకున్నాడు.

"దిగంగనె ఫోన్ చెయ్యి" అన్నాడు నాతో.

శంషాబాద్‌లో ఇల్లు చేరాక, చెప్పులు విప్పకుండానే ఫోన్ చేశాను. పెద్దమ్మ ఎత్తింది.

"చేరినవా అమ్మా? నువ్వు పోయినకాంచి ఈయన ఫోన్ ముందర వెట్టుకుని కూసున్నడు. చాయ గూడ తాగలే" అని, నోరు పక్కకు తిప్పి ఆయనతో అంది, "చేరిందట. ఇగ లే, చాయ తాగు."

దూరం నుంచి, దగ్గు మధ్యలో ఆయన గొంతు వినిపించింది.

"ఆమెనే మాట్లాడిందా? ఇంకెవలన్ననా? గొంతు మంచిగ విన్నవా?"

"కాకకు ఇయ్యి పెద్దమ్మా" అన్నాను. "నేనే చెప్త."